నాన్న పాస్ చేసిన ఊళ్ళు

"ఏటే ఇవి, దగ్గు మందులా?" అంది అమ్మ, నా కాగితాన్ని కళ్ళకి దూరంగా పట్టుకుని.

ఆ కాగితం మీద నేను రెండు నెలలు కూర్చుని కట్టిన పేర్లున్నాయి. ఆర్యంధర, వజ్రాంతిక, మృదంకపురి, జ్వాలేశ్వరం, ఇంకో ముప్పై దాకా. పిల్లల కోసం ఒక పెద్ద కథ రాస్తున్నాను. ఎక్కడా లేని దేశం, ఎక్కడా లేని నది, గొర్రెలతో పాటు మబ్బుల్ని కూడా మేతకి తోలుకెళ్ళే మనుషులు. బళ్ళో లెక్కలు చెప్పి వచ్చాక సాయంత్రాలు, ఆదివారాలు దాని మీదే ఉంటాను. కథ బాగానే నడిచింది. ఊళ్ళకీ మనుషులకీ పేర్లు పెట్టాల్సి వచ్చేసరికి కలం మొండికేసింది. ఆ పుస్తకం వేస్తానన్న ఆయన కూడా, "అంతా బాగుందండీ, ఆ పేర్లే నమ్మబుద్ధి కావడం లేదు," అని మర్యాదగా రాశారు.

అమ్మ అంత మర్యాదస్తురాలు కాదు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఇలాటి వాటినే అంటారు. ఈ మృదంకపురిలో ఎవరైనా చారు పెట్టుకుంటారేటి? ఆ ఊరెళ్ళాలంటే కండక్టర్ని టికెట్ ఎలగ అడుగుతారు? ఊరి పేరు చెప్పేలోగా బస్సు వెళ్ళిపోద్ది."

నాకు కోపం వచ్చింది. ఆవిడ చెప్పింది నిజమే కాబట్టి ఇంకాస్త కోపం వచ్చింది.

పేర్లంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒక ఆకలి. నేను పుట్టి పెరిగింది భిలాయి టౌన్‌షిప్‌లో. మా చిరునామాలో అన్నీ అంకెలే. సెక్టార్‌కి ఒక అంకె, స్ట్రీట్‌కి ఒకటి, క్వార్టర్‌కి ఒకటి. దారి తప్పినా ఏడవక్కర్లేదు, అంకెలు లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చేయొచ్చు. వేసవి సెలవుల్లో శ్రీకాకుళం వైపు చుట్టాలింటికి వెళ్తే, అక్కడ ప్రతి మడిచెక్కకీ ఒక పేరుండేది. తిరిగొచ్చాక నేను మా వీధులన్నిటికీ పేర్లు పెట్టి, అవే పేర్లతో పిలవాలని స్నేహితురాళ్ళ మీద దెబ్బలాడేదాన్ని. ఒక్కరూ పిలిచేవారు కాదు. పెట్టడం వేరు, నోట్లో నిలవడం వేరు అని అప్పుడే తెలియాల్సింది. నాకు తెలియడానికి నలభై ఆరేళ్ళు పట్టింది. అదీ నాన్న వల్ల.

నాన్న అక్కడి ఉక్కు ప్లాంటులో, రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేశారు. తయారైన పట్టాని తనిఖీ చేసి, బయటికి పంపొచ్చో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి నెహ్రూ నగర్‌లో చిన్న ఇల్లు తీసుకున్నారు. ఇప్పుడు ఆ ఇంట్లో మేం ముగ్గురం.

పోయిన వర్షాకాలంలో ఒక పొద్దున్న, పళ్ళు తోముకుంటూ తోముకుంటూ పడిపోయారు. పక్షవాతం. కుడి కాలు కొంత తిరిగొచ్చింది, చేతికర్రతో నడుస్తారు. కుడి చెయ్యి అంతగా రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, పేపరు కూడా మెల్లగా చదువుతారు. చెడిపోయింది వస్తువుల పేర్లు. వస్తువు కళ్ళ ముందే ఉంటుంది, అదేమిటో ఆయనకి తెలుసు. పేరు నోటికొచ్చేసరికి అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుని చోట్లు మారిపోతాయి. తప్పొచ్చిందని మనకన్నా ముందు ఆయనకే తెలిసిపోతుంది. అదే అన్నిటికన్నా కష్టం.

అందుకని బయటివాళ్ళ ముందు నోరు విప్పడం మానేశారు. గుమ్మం ముందు ఎవరిదైనా బండి ఆగితే చాలు, కర్ర పుచ్చుకుని లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేవారు. మాటలు నేర్పడానికి వారానికి రెండుసార్లు స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చేది. "దీదీ, బోల్నే దీజియే. గలత్ బోలే తో భీ బోల్నే దీజియే," అనేది నాతో. మాట్లాడనివ్వండి, తప్పు మాట్లాడినా మాట్లాడనివ్వండి, ఆపేస్తే వచ్చినవి కూడా పోతాయి అని. మాట అందించొద్దు, సరిదిద్దొద్దు, ఆయన్నే వెతుక్కోనివ్వండి అని కూడా చెప్పింది. సరేనన్నాం. అమ్మతోనూ నాతోనూ మాత్రం నాన్న మాట్లాడేవారు, తడబడుతూ, చెమటలు పడుతూ.

ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి, "నా పెచ్చూరు ఏదమ్మా?" అన్నారు.

చెప్పులు. మంచం కింద ఉన్నాయి. తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాను. ఆ సాయంత్రం రాసుకోడానికి కూర్చుంటే ఆ మాట వచ్చి నా ముందు నిలబడింది. పెచ్చూరు. వెంటనే ఊరు కనపడింది. కొండ దిగువన, గాలి ఎక్కువ, జనం గట్టిగా మాట్లాడతారు, సంతలో తోళ్ళు అమ్ముతారు. నేనేమీ ఊహించనక్కర్లేకుండానే ఊరంతా అక్కడుంది. కండక్టర్ని అడగొచ్చు కూడా, "పెచ్చూరు ఒకటి" అని.

నేను కట్టిన పేర్లు అద్దాల బీరువాలో పెట్టిన గ్లాసులు, వాటితో ఎవరూ ఎప్పుడూ నీళ్ళు తాగలేదు. ఇది అలా కాదు. ఇది ఒక మనిషి నోట్లో నానిన మాట. శ్రీకాకుళం తెలుగు, యాభై ఏళ్ళ భిలాయి హిందీ, బజార్లో కూరగాయలమ్మే ఆడవాళ్ళ ఛత్తీస్‌గఢీ, మిల్లులో అరుచుకునే ఇంగ్లీషు, అన్నీ ఆ నోట్లో కలిసి మెత్తబడ్డాయి. ఆ నోరు తప్పు పలికినా, ఎక్కడో ఒక ఊరు పలికినట్టే ఉంటుంది.

పెచ్చూరు రాసుకున్నాను. తర్వాత మందుబిళ్ళ అడగబోయి ఆయన "బిళమాద" అన్నారు. అది కొండ మీద కోట అయింది. కళ్ళజోడు "కజ్జోలు" అయింది. దువ్వెన "వెనదువ్వ" అయింది. దానికి మించిన నది పేరు నా జన్మలో నాకు దొరికేది కాదు. ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎడమవైపు వస్తువు, కుడివైపు నాన్న మాట. చెప్పులు, పెచ్చూరు. మందుబిళ్ళ, బిళమాద. లెక్కల టీచర్ని కదా, గీత కూడా స్కేలుతో కొట్టాను.

ఇంతవరకైతే చెప్పుకోడానికి నాకు పెద్ద సిగ్గు లేదు. అసలు సంగతి ఇంకోటి. ఆయనకేం కావాలో తెలిసి కూడా నేను ఊరుకోవడం మొదలుపెట్టాను. గొడుగు వైపు చూస్తున్నారని తెలుసు. వర్షం పడుతోంది, గొడుగు నా చేతికి అందేంత దూరంలో ఉంది. "ఏటి కావాలి నాన్నా?" అని అడిగి నిలబడేదాన్ని. ఆయన పెదవులు కొట్టుకునేవి, నుదుటి మీద నరం లేచేది. "డు... డుగొ... డుగొగు" అనేవారు. అప్పుడిచ్చేదాన్ని. మాటలు నేర్పే అమ్మాయి చెప్పిందే కదా చేస్తున్నాను అని నాకు నేనే సర్ది చెప్పుకునేదాన్ని. ఆ అమ్మాయి చెప్పింది నాన్న కోసం. నేను నిలబడింది నా పుస్తకం కోసం. రెండూ బయటికి ఒకేలా కనపడతాయి, అంతే.

చలికాలం చివర్లో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి నాన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు నా నోటుపుస్తకం. పొద్దున్న హడావిడిలో నేనే అక్కడ మర్చిపోయాను. ఎడమచేతి వేలు పెట్టి, ఒక్కో వరసే చదువుతున్నారు. చివరిదాకా చదివారు. నేను తేలు కుట్టిన దొంగలా బ్యాగు భుజాన్నుంచి దింపకుండా నిలబడిపోయాను.

తలెత్తి, "నా తప్పులన్నీ రాసుకుంటున్నావా?" అన్నారు.

నెలల తరబడి ఆయన నోటి నుంచి ఒక మాట ఇంత సాఫీగా రాలేదు. ఒక్క అక్షరం కూడా చోటు మారలేదు.

ఆ తర్వాత ఆయన మాట్లాడ్డం మానేశారు. బయటివాళ్ళతో ఎలాగూ లేదు, ఇప్పుడు మాతో కూడా. మంచినీళ్ళు కావాలంటే గ్లాసు చూపించేవారు. అన్నం చాలంటే చెయ్యి అడ్డం పెట్టేవారు. మాటలు నేర్పే అమ్మాయి బొమ్మల అట్టలు ముందు పెడితే, కిటికీ బయటికి చూస్తూ కూర్చునేవారు. మూడు వారాలు చూసి ఆ అమ్మాయి నన్ను వసారాలోకి పిలిచింది. ఇలాగే ఉంటే ఇన్నాళ్ళు పడ్డ శ్రమంతా పోతుంది, ఈ వయసులో మళ్ళీ రావడం కష్టం దీదీ, అంది. ఏం జరిగింది అని అడిగింది. నేను వెళ్ళి గేటు తీశాను.

అమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "చెప్పులడగడానికి ఆయన పడ్డ పాట్లు నీకు కథకి పనికొచ్చేయన్నమాట. బాగుంది. చదువుకున్నావు కదా, నీకు తెలీదేటి?" తర్వాత రెండు రోజులు ఆవిడ కూడా నాతో మాట్లాడలేదు. ముగ్గురు మనుషులున్న ఇంట్లో కుక్కర్ ఒక్కటే కూతపెట్టేది.

నేను నాన్న మంచం పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. "తప్పయిపోయింది నాన్నా. ఇది మీ పుస్తకం. చింపెయ్యమంటే చింపేస్తాను," అన్నాను. ఆయన ఎడమచేత్తో నా తల నిమిరారు. పుస్తకం తీసుకుని తన బీరువా సొరుగులో పెట్టుకున్నారు. మాట మాత్రం రాలేదు. అప్పుడర్థమైంది, ఆయనకి నా మీద కోపం లేదు. కోపమైతే దిగుతుంది. ఆయనకి సిగ్గేసింది. కన్నకూతురి దగ్గర కూడా నోరు దాచుకోవాల్సి వచ్చిందని సిగ్గు. దానికి నేను ఎన్నిసార్లు తప్పయిపోయిందంటే మాత్రం ఏం లాభం?

మళ్ళీ నా పాత పేర్ల దగ్గరికే వచ్చాను. వెనదువ్వ నది పేరు కొట్టేసి ఇంకేదో రాశాను. రాసింది చూస్తే అదీ దగ్గు మందే. ఆ కాగితం చూస్తూ కూర్చుంటే నాన్న పని చేసే తీరు గుర్తొచ్చింది. ఆయన పట్టా చివర వంగి కూర్చుని, ఒక కన్ను మూసి, పొడుగునా చూపు పారించేవారు. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడ సుద్దతో చుట్టేవారు. అంతే. ఏం తప్పో రాసేవారు కాదు, ఎవర్నీ తిట్టేవారు కాదు. "చోటు చూపిస్తే చాలమ్మా, తప్పేటో చేసినవాడికి తెలిసిపోద్ది," అనేవారు. నా హోంవర్క్ కూడా అలాగే దిద్దేవారు. పెన్సిల్‌తో ఒక చుట్టు, జవాబు ఉండదు. చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయేది.

పేరు చెప్పలేరు సరే, పేరు చూసి ఎక్కడ తేడా ఉందో చూపించలేరా? దానికి నోటితో పనిలేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ పక్కన ఒక కాగితం, ఒక పెన్సిలు పెట్టాను. "నాన్నా, ఇవి నేను కట్టిన పేర్లు. తనిఖీ చెయ్యాలి. మాట్లాడక్కర్లేదు," అన్నాను. ఆయన కాఫీ తాగారు, కాగితం ముట్టుకోలేదు. దాన్ని అక్కడే ఉంచేశాను. ఆ రోజు లేదు, మర్నాడూ లేదు. మూడోరోజు నేను బడికి బయల్దేరుతుంటే, ఆయన కాగితాన్ని కళ్ళ ఎత్తుకి లేపి, అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నారు. నేను చప్పుడు చేయకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోయాను. బస్టాపు దాకా పరిగెత్తినట్టే నడిచాను, ఎందుకో తెలీదు.

సాయంత్రానికి కాగితం నిండా ఎడమచేతి వంకర చుట్లు. వజ్రాంతిక మొత్తం ఒకే చుట్టులో పోయింది. జ్వాలేశ్వరం కూడా. మృదంకపురిలో మాత్రం మధ్య ముక్క ఒక్కటే చుట్టారు. ఆ ముక్క తీసేసి, మృదపురి అని రాసి పెట్టాను. మళ్ళీ చుట్టు, ఈసారి మొదట్లో. మిడపూరు అని రాశాను. పక్కన ఒక చిన్న టిక్కు వచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

అలా రెండు వారాలు. పొద్దున్న కాగితం పెడతాను, సాయంత్రం తీసుకుంటాను. ఆయన పెన్సిల్ ఎప్పుడూ ఒకే రకం చోట ఆగేదని మెల్లిగా తెలిసింది. నేను గొప్పకి పోయిన చోట. మబ్బులు తోలే కుర్రాడికి మేఘేంద్రుడని పెట్టాను. ఇంద్రుణ్ణి చుట్టేశారు. మేగడు అని రాస్తే టిక్కు పడింది. అమ్మ తొంగిచూసి, "ఆ, వీడైతే గొర్రెల్ని తోలగలడు. ఇందాకటోడికి పల్లకీ కావాలి," అంది. నాన్న పెదవి ఒక మూల కదిలింది. అది నవ్వేనని నేను, కాదని అమ్మ వాదించుకున్నాం.

మాట మాత్రం ఇంకా లేదు.

ఒక సాయంత్రం కాగితంతో పాటు బల్ల మీద ఆ నోటుపుస్తకం కూడా ఉంది. సొరుగులోంచి ఆయనే తీసి పెట్టారు. నాకు తెరవాలంటే భయమేసింది. తెరిచాను. కుడివైపు వరసంతా, తన మాటలన్నిటినీ, ఆయన తనిఖీ చేశారు. ఒక్కటీ వదల్లేదు. డుగొగు చుట్టేశారు. ఇంకా చాలా చుట్టేశారు, నేను మురిసిపోయి దాచుకున్నవి కూడా. మొత్తం మీద నాలుగింటికే టిక్కు పెట్టారు. పెచ్చూరు, బిళమాద, కజ్జోలు, వెనదువ్వ. ఎడమవైపు వరసలో చెప్పులు, మందుబిళ్ళ, కళ్ళజోడు, దువ్వెన అని నేను రాసినవాటిని పెన్సిల్‌తో నల్లగా కొట్టేశారు. ఇక అవి దేనికీ తప్పు కావు. ఉత్త ఊళ్ళు, ఒక కోట, ఒక నది.

"మీ మాటల్ని మీరే ఇన్ని రిజెక్ట్ చేసేసేరేటి నాన్నా?" అన్నాను నవ్వుతూ. ఆయన భుజాలెగరేసి, సరుకు అలా ఉంటే నేనేం చెయ్యను అన్నట్టు చూశారు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పొద్దున్న, గుమ్మం ముందు బండి ఆగింది. నాన్న దగ్గర పని నేర్చుకున్నాయన, ఇప్పుడు తనే పెద్ద ఆఫీసరు, మరోదా సెక్టార్ నుంచి చూడ్డానికి వచ్చాడు. నాన్న చెయ్యి కర్ర మీదికి వెళ్ళింది. లేస్తారనుకున్నాను. లేవలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నారు.

"సర్, కైసే హైఁ సర్? బాగున్నారా?" అని ఆయన చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అరిచాడు. నాన్న తలూపారు. ఆయన ప్లాంటు కబుర్లు చెప్పాడు, వాళ్ళమ్మాయి చదువు గురించి చెప్పాడు, మధ్యమధ్యలో చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదేమో, ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. నాన్న ఆ చెమట చూశారు. వంటింటి వైపు తిరిగారు. గొంతు సవరించుకున్నారు. నేను పేపరు మడతపెడుతున్నదాన్ని ఆగిపోయాను.

"ఏవే," అన్నారు, నెలన్నర తర్వాత. "ఈయనకి... జ... జమ్మిగ ఇవ్వు."

మజ్జిగ. వచ్చినాయన తల దించుకుని నేల మీద టైల్సు చూడ్డం మొదలుపెట్టాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాన్న మొహం ఎర్రబడింది, చెయ్యి మళ్ళీ కర్రని పట్టుకుంది. ఈసారి లేచి వెళ్ళిపోతే ఇంకెప్పటికీ బయటికి రారని నాకు తెలుసు. నాన్న వైపు చూస్తూ ఉండిపోయాను.

నాన్న కర్ర పట్టుకునే నా వైపు తిరిగారు.

"ఏటమ్మా అలగ చూస్తున్నావు?" అన్నారు. "రాసుకో."